టెక్సాస్ కమ్యూనిటీ కాలేజీలో కోర్సు చేయడం ఎలా? చేరకముందే తెలుసుకోవాల్సిన రూల్స్

"కమ్యూనిటీ కాలేజీలో ఏదైనా కోర్సు చేద్దామనుకుంటున్నా, ఏది మంచిదండీ?" డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు నలుగురు చేరిన చోట తరచూ వినపడే ప్రశ్న ఇది. ఒకరు మెడికల్ కోడింగ్ అంటారు, ఇంకొకరు డేటా ఎనలిటిక్స్ అంటారు, మా ఆడపడుచు ఫలానాది చేసి సెటిల్ అయిందని మూడో ఆవిడ చెబుతారు. నన్నడిగితే కోర్సు పేరు తర్వాతి సంగతి. ఒకే కాలేజీలో చదువు రెండు రకాలుగా దొరుకుతుంది: ఒకటి క్రెడిట్, రెండోది కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్, పొట్టిగా సీఈ. ఫీజు, రీఫండ్, గ్రేడు, మానేసే గడువు, చివరికి ఇన్‌కమ్ ట్యాక్స్ కాగితాలు కూడా మీరు ఈ రెండింటిలో ఏది ఎంచుకున్నారన్నదాన్ని బట్టే ఉంటాయి.

ఇక్కడి ఉదాహరణలన్నీ టెక్సాస్‌వి. అందులోనూ మనవాళ్లు ఎక్కువగా ఉండే కాలిన్, డల్లాస్ కౌంటీలవి. కాలిన్ కౌంటీకి కాలిన్ కాలేజీ ఉంది. డల్లాస్ కౌంటీలో ఒకప్పుడు వేర్వేరుగా ఉన్న ఏడు కాలేజీలు 2020లో కలిసి డల్లాస్ కాలేజీ అయ్యాయి. ఇర్వింగ్‌లోని నార్త్ లేక్ ఇప్పుడు దాని క్యాంపస్. వేరే రాష్ట్రంలో ఉంటే అంకెలు మారతాయి కానీ అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

1. ముందు తేల్చుకోవాల్సింది: క్రెడిటా, సీఈనా?

క్రెడిట్ కోర్సు డిగ్రీ దారిలోది. గ్రేడు ట్రాన్‌స్క్రిప్ట్ (కాలేజీ ఇచ్చే మార్కుల రికార్డు) మీదికి ఎక్కుతుంది, రేపు యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యే వీలుంటుంది. మామూలుగా 16 వారాల సెమిస్టర్. సీఈ కోర్సు పని నేర్చుకోవడానికి. కొన్ని రోజుల నుంచి కొన్ని నెలల దాకా ఉండొచ్చు. పూర్తిచేస్తే సర్టిఫికెట్ ఇస్తారు, కొన్నిటికి సీఈయూలు కూడా ఇస్తారు. ఒక సీఈయూ అంటే 10 గంటల క్లాసు. అది డిగ్రీ క్రెడిట్ కాదు. సీఈయూలు పోగేస్తే డిగ్రీ వస్తుందన్న ఆశ ఉంటే ఇప్పుడే వదిలేయండి.

ఇండియాలో బీటెక్కో, బీకామో అయిపోయి, ఉద్యోగానికి పనికొచ్చే ఒక నైపుణ్యం కావాలనుకునేవాళ్లకు చాలావరకు సీఈ చాలు. నర్సింగ్‌లోకి వెళ్లాలన్నా, ఇక్కడే కొత్తగా డిగ్రీ మొదలెట్టాలన్నా క్రెడిట్ తప్ప దారి లేదు. లైసెన్సు కావాల్సిన వృత్తి అయితే కాలేజీ బ్రోషర్ కన్నా ముందు ఆ లైసెన్సిచ్చే బోర్డు నిబంధనలు చదవండి.

ఏది ఏ రకమో కోర్సు నంబరే చెబుతుంది. టెక్సాస్ కాలేజీలకు ఉమ్మడి నంబర్ల పద్ధతి ఉంది. ఏసీసీటీ 2301 అంటే ఫైనాన్షియల్ అకౌంటింగ్. మొదటి అంకె 2, అంటే రెండో ఏడాది స్థాయి. రెండో అంకె 3, అంటే మూడు క్రెడిట్లు. నర్సింగ్‌కి వెళ్లేవాళ్లు చదివే అనాటమీ కోర్సు బీఐఓఎల్ 2401 కాబట్టి దానికి నాలుగు క్రెడిట్లు, ఎందుకంటే ల్యాబ్ ఉంది. వృత్తి కోర్సుల్లో ఈ రెండో అంకె సున్నా అయితే అది సీఈ. రక్తం తీసే ఫ్లెబాటమీ కోర్సు పీఎల్ఏబీ 1323 అంటే క్రెడిట్, పీఎల్ఏబీ 1023 అంటే సీఈ. కొన్ని క్లాసుల్లో క్రెడిట్ వాళ్లనీ, సీఈ వాళ్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే పాఠం చెబుతారు. అలాంటి కోర్సు దొరికితే, "సీఈగా చేసినదాన్ని తర్వాత క్రెడిట్‌గా మార్చుకునే వీలుందా?" అని చేరకముందే ఈమెయిల్‌లో అడగండి. నోటిమాటగా వద్దు, జవాబు రాతలో ఉండాలి.

2. మీ వీసా ఏమంటుంది?

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్య లేదా భర్త, పిల్లల వీసా) మీద ఉన్నవాళ్లు ఎఫ్-1 అనే విద్యార్థి వీసాకి మారకుండానే ఫుల్‌టైమ్ అయినా, పార్ట్‌టైమ్ అయినా చదువుకోవచ్చు. కానీ చదువుకోవడం వేరు, పనిచేయడం వేరు. నర్స్ ఎయిడ్ శిక్షణ టెక్సాస్‌లో కనీసం 100 గంటలు, అందులో 40 గంటలు క్లినికల్, అంటే రోగుల దగ్గర చేసే శిక్షణ. దాన్ని పూర్తి చేసినా ఈఏడీ (పనిచేయడానికి అనుమతి కార్డు) లేకుండా జీతానికి చేరడానికి లేదు. ఫీజు కట్టేముందు ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాల్సిన విషయం ఇది.

ఎఫ్-2 వాళ్లు, అంటే ఎఫ్-1 విద్యార్థుల భార్య లేదా భర్త, ఎఫ్-1 విద్యార్థులను చేర్చుకునే గుర్తింపు ఉన్న కాలేజీలో పార్ట్‌టైమ్ చదవొచ్చు. ఎఫ్-1 వాళ్లు కాలేజీలోని ఇంటర్నేషనల్ ఆఫీసుకు చెప్పకుండా ఒక్క కోర్సు కూడా డ్రాప్ చేయకూడదు. సెమిస్టర్‌కి 12 క్రెడిట్ల కింద పడితే స్టేటస్‌కే ముప్పు.

ఆర్నెల్లకు వచ్చిన అమ్మానాన్నల సంగతి చాలామంది అడుగుతారు. బీ-2 (టూరిస్టు వీసా) మీద ఉన్నవాళ్లు డిగ్రీకో, అకడమిక్ సర్టిఫికెట్‌కో పనికొచ్చే చదువులో చేరకూడదు. సరదాకి నేర్చుకునే రెండు రోజుల వంట క్లాసులాంటి చిన్న కోర్సు, క్రెడిట్ లేనిది, ఫర్వాలేదు.

3. రెసిడెన్సీ: ఫీజు ఎంతో తేల్చేది ఇదే

క్రెడిట్ కోర్సులకు మూడు రేట్లుంటాయి: కాలేజీకి పన్ను కట్టే జిల్లాలో ఉండేవాళ్లకు తక్కువ, టెక్సాస్‌లోనే ఇంకోచోట ఉండేవాళ్లకు కాస్త ఎక్కువ, రాష్ట్రం బయటివాళ్లకు బాగా ఎక్కువ. ఫ్రిస్కోలో ఉండేవాళ్లు ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఊరు కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. చిరునామాలో ఫ్రిస్కో అని ఉన్నంత మాత్రాన కాలిన్ కాలేజీ తక్కువ రేటు ఇవ్వదు. మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందో ప్రాపర్టీ ట్యాక్స్ రికార్డులో చూసుకోండి.

రాష్ట్ర నివాసిగా లెక్కలోకి రావాలంటే 12 నెలలు టెక్సాస్‌లో స్థిరంగా ఉన్నట్టు చూపించాలి. హెచ్-1బీ, హెచ్-4 వాళ్లకు ఆ అర్హత ఉంది. "మాది టెంపరరీ వీసా కదా" అని ఎవరో అన్నారని బయటి రాష్ట్రం రేటు కట్టేసి ఊరుకోకండి. అద్దె ఒప్పందం, టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు, జీతం కాగితాల్లాంటివి దగ్గర పెట్టుకుని రెసిడెన్సీ ప్రశ్నావళి నింపండి. క్లాసులు మొదలయ్యాక మార్పించుకోవడం తలనొప్పి.

4. దరఖాస్తు

సీఈకి పెద్ద తతంగం లేదు. ఖాతా తెరిచి, చిన్న ఫారం నింపి, డబ్బు కట్టడమే. ఆసుపత్రి పనికి సంబంధించిన కోర్సులకు మాత్రం టీకాల రికార్డు, బ్యాక్‌గ్రౌండ్ చెక్, డ్రగ్ టెస్ట్ లాంటివి అడుగుతారు. ఇండియా నుంచి టీకాల కార్డు తెప్పించుకోవడం ఇప్పుడే మొదలెట్టండి.

క్రెడిట్‌కి అయితే ఆన్‌లైన్ దరఖాస్తు, పాత చదువు ట్రాన్‌స్క్రిప్టులు, టీఎస్ఐ అనే ఇంగ్లీషు, లెక్కల ప్లేస్‌మెంట్ పరీక్ష ఉంటాయి. ఇప్పటికే డిగ్రీ ఉంటే ఈ పరీక్ష నుంచి మినహాయింపు అడగండి, నిర్ణయం కాలేజీది. ఇండియా మార్కుల మెమోలను నేరుగా తీసుకోకపోతే, డబ్ల్యూఈఎస్ లాంటి, విదేశీ చదువులను మదింపు చేసే సంస్థతో కోర్సుల వారీగా మదింపు చేయించి పంపాలి. మొత్తం డిగ్రీకి కలిపి ఇచ్చే మదింపు చౌకే కానీ ట్రాన్స్‌ఫర్ క్రెడిట్లకు పనికిరాదు. 22 ఏళ్లలోపు వాళ్లు క్యాంపస్‌కి వెళ్లి చదివేటట్టయితే క్లాసులకు కనీసం పది రోజుల ముందు మెనింజైటిస్ టీకా వేయించుకుని ఉండాలి.

5. రిజిస్టర్ చేసుకునేముందు సిలబస్ చదవండి

ఈ సంగతి చాలామందికి తెలియదు. టెక్సాస్‌లో 2009లో వచ్చిన చట్టం ప్రకారం ప్రభుత్వ కాలేజీలు తమ క్రెడిట్ కోర్సుల సిలబస్‌ను అందరికీ కనిపించేలా వెబ్‌సైట్‌లో పెట్టాలి. లాగిన్ అక్కర్లేదు. మీరు చేరాలనుకుంటున్న కోర్సుని అదే టీచరు పోయిన సెమిస్టర్‌లో ఎలా నడిపారో చూడొచ్చు: ఎన్ని పరీక్షలు, హోంవర్క్‌కి ఎన్ని మార్కులు, ఆలస్యంగా ఇస్తే ఎంత కోత, ఏ పుస్తకం.

హాజరు సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. మన దగ్గర 75 శాతం హాజరు లేకపోతే కండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కేవాళ్లం. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. సిలబస్‌లో ఏముంటే అదే. సీఈ సర్టిఫికెట్ కోర్సుల్లో ఇంత శాతం హాజరు ఉంటేనే సర్టిఫికెట్ అన్న షరతు తరచూ ఉంటుంది. ఆ నెలల్లో ఇండియా ప్రయాణం పెట్టుకున్నారేమో ఒకసారి క్యాలెండర్ చూసుకోండి.

6. మానేయాలనుకుంటే

ఎక్కువమంది డబ్బూ, గ్రేడూ పోగొట్టుకునేది ఇక్కడే. క్లాసుకి వెళ్లడం మానేస్తే పేరు దానంతటదే పోతుందనుకుంటారు. పోదు. మీరు స్వయంగా డ్రాప్ చేయకపోతే సెమిస్టర్ చివర ఎఫ్ గ్రేడు, అంటే ఫెయిల్, పడుతుంది, కట్టిన ఫీజూ తిరిగి రాదు.

16 వారాల సెమిస్టర్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ 12వ క్లాస్ డే. దాన్ని సెన్సస్ డే అంటారు. ఆ రోజులోపు డ్రాప్ చేస్తే కోర్సు మీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపించదు. ఆ తర్వాత, చివరి గడువులోపు డ్రాప్ చేస్తే డబ్ల్యూ (విత్‌డ్రా) అని పడుతుంది. డబ్ల్యూ వల్ల జీపీఏ (గ్రేడ్ల సగటు) తగ్గదు కానీ అది చెరిగిపోదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. క్లాస్ డే అంటే మీ క్లాసు జరిగే రోజు కాదు, కాలేజీలో క్లాసులు నడిచే రోజు. మీది శనివారం మాత్రమే ఉండే క్లాసు అయితే 12వ క్లాస్ డే వచ్చేసరికి మీరు కూర్చున్నవి రెండే క్లాసులు. "ఇంకో పది వారాలు చూసి తేల్చుకుందాం" అనుకునే సమయం మీకు లేదు.

రీఫండ్ కూడా ఇదే లెక్క. క్లాసులు మొదలవకముందే డ్రాప్ చేస్తే మొత్తం వస్తుంది. మొదటి 15 క్లాస్ డేల్లో 70 శాతం, 16 నుంచి 20 దాకా 25 శాతం, తర్వాత సున్నా. ఇవి పూర్తి సెమిస్టర్ లెక్కలు. ఎనిమిది వారాల క్లాసుకి గడువులు ఇంకా ముందుకొస్తాయి. సీఈకి విడిగా రీఫండ్ నియమాలుంటాయి, రిజిస్టర్ చేసేటప్పుడే ఆ పేజీని సేవ్ చేసుకోండి.

పిల్లలున్నవాళ్లు ఇంకో నిబంధన తెలుసుకోవాలి. 2007 ఫాల్ సెమిస్టర్ నుంచి మొదటిసారి కాలేజీలో చేరినవాళ్లు టెక్సాస్ ప్రభుత్వ కాలేజీలన్నిటిలో కలిపి, డిగ్రీ అయ్యేలోపు ఆరుకు మించి కోర్సులు డ్రాప్ చేయకూడదు. తీవ్రమైన అనారోగ్యం, కుటుంబంలో మరణం లాంటి కారణాలుంటే మినహాయింపు ఉంది, అడగాలి. కమ్యూనిటీ కాలేజీలో తేలిగ్గా ఖర్చు పెట్టేసిన డ్రాపులు యూనివర్సిటీకి వెళ్లాక గుర్తొస్తాయి. అదే కోర్సును మూడోసారి తీసుకుంటే ఎక్కువ ఫీజు వేసే అధికారం కూడా కాలేజీలకు ఉంది.

7. గ్రేడ్లు, కాపీ, గోప్యత

35 వస్తే పాస్ అన్న లెక్క ఇక్కడ పనిచేయదు. చాలా కోర్సుల్లో 60 కింద పడితే ఎఫ్. డీ వచ్చినా చాలాచోట్ల ట్రాన్స్‌ఫర్ కాదు. జీపీఏ 2.0 కింద పడితే ప్రొబేషన్, అది కొనసాగితే సస్పెన్షన్.

అసైన్‌మెంట్ స్నేహితురాలికి ఇచ్చి "చూసి రాసుకో" అనడం మన దగ్గర సాయం. ఇక్కడ ఇచ్చినవాళ్లకూ, తీసుకున్నవాళ్లకూ అది ఒకే నేరం. ఏఐ వాడొచ్చా లేదా అన్నది టీచరును బట్టి మారుతుంది, సిలబస్‌లో రాసి లేకపోతే ఈమెయిల్‌లో అడగండి.

1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే. హైస్కూల్లో ఉంటూనే డ్యుయల్ క్రెడిట్ పేరుతో కాలేజీ కోర్సులు చదివే పదహారేళ్ల పిల్లకూ ఇదే వర్తిస్తుంది. "నేను వాళ్ల నాన్నని" అని ఫోన్ చేస్తే ఆఫీసువాళ్లు మార్కులు చెప్పరు. పిల్ల సంతకం చేసిన అనుమతి ఫారం ముందే ఇచ్చి ఉంటే గొడవ లేదు. భార్య కోర్సు గురించి భర్త ఫోన్ చేసినా అంతే.

8. డబ్బు తిరిగి రాబట్టుకోవడం

ఫెడరల్ ప్రభుత్వ ఆర్థిక సాయానికి సిటిజన్లు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు, ఇంకా కొద్ది రకాలవాళ్లే అర్హులు. హెచ్-4 వాళ్లు కారు. గ్రీన్‌కార్డు మీద ఉన్న 65 దాటిన పెద్దలకు సీటు ఖాళీ ఉంటే సెమిస్టర్‌కి ఆరు క్రెడిట్ల దాకా ట్యూషన్ మాఫీ చేసే వీలు టెక్సాస్ చట్టంలో ఉంది. ఇవ్వాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం, కాబట్టి కౌంటర్లో అడగండి. వాళ్లంతట వాళ్లు చెప్తారని చూడకండి.

ట్యాక్స్ విషయానికొస్తే, లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ కింద ట్యూషన్‌లో 20 శాతం, ఏడాదికి గరిష్ఠంగా 2,000 డాలర్లు పన్నులో తగ్గుతుంది. డిగ్రీయే చదవాలని లేదు, ఉద్యోగ నైపుణ్యం కోసం చేసే ఒక్క కోర్సూ చాలు. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే ఆదాయం 1,60,000 డాలర్లు దాటినప్పటి నుంచి తగ్గుతూ 1,80,000 దగ్గర పూర్తిగా ఆగిపోతుంది. ఇద్దరూ ఐటీలో ఉన్న ఇళ్లకు ఇది చాలాసార్లు అందదు, ఒకే జీతం ఉన్న ఇళ్లకు ఈ ఆదాయ పరిమితి అడ్డురాకపోవచ్చు. క్రెడిట్ కోర్సు చేసినవాళ్లకు జనవరి నెలాఖరుకు కాలేజీ నుంచి 1098-టీ ఫారం (కట్టిన ఫీజు వివరాలది) వస్తుంది. క్రెడిట్ లేని సీఈ కోర్సుకు ఆ ఫారం ఇవ్వాల్సిన బాధ్యత కాలేజీకి లేదు. అది రాలేదని మీ ట్యాక్స్ ఫైల్ చేసే సీపీఏ "కుదరదు" అంటే అక్కడితో వదిలేయకండి. అర్హత ఉండి, కట్టిన రసీదులు, కోర్సు వివరాలు దగ్గరుంటే ఫారం 8863లో క్లెయిమ్ చేసుకోవచ్చు.