ఆర్-టైప్‌లో స్క్రోల్ కుదుపుతోందా? డ్రైవర్ జోలికి వెళ్లేముందు ఇది చూడండి

సమస్య: ఎమ్యులేటర్‌లో (పాత మెషీన్ల గేమ్‌లని పీసీలో నడిపే ప్రోగ్రామ్) ఆర్కేడ్ షూటింగ్ గేమ్ ఆర్-టైప్ ఆడుతుంటే స్క్రీన్ సాఫీగా జరగదు, ఎక్కడో తట్టుకుంటున్నట్టు వెళ్తుంది. స్పీడ్ మాత్రం 100% అనే చూపిస్తుంది.

ముందు వేరే గేమ్ పెట్టి చూడండి బాబూ, ఎంత చెప్పినా ఈ ఒక్క పనే ఎవరూ చేయరు. ఇలాంటి షూటింగ్ గేమే గ్రేడియస్ పెట్టండి. అదీ కుదుపుతుంటే వీసింక్ (గేమ్ ఫ్రేములని మానిటర్‌తో కలిపే సెట్టింగ్) ఆఫ్‌లో ఉందేమో, ల్యాప్‌టాప్ బ్యాటరీ సేవర్‌లో ఉందేమో చూస్తే చాలావరకు అక్కడే తేలిపోతుంది. అది బాగానే ఉండి ఆర్-టైప్ ఒక్కటే కుదుపుతుంటే మీ పీసీలో తప్పేం లేదు.

అసలు కారణం: 1987లో ఐరెమ్ ఈ గేమ్‌ని తెచ్చిన ఎం72 బోర్డు సెకనుకి 60 ఫ్రేములు కాదు, 55 ఇస్తుంది. మామ్ అనే ఎమ్యులేటర్‌లో ట్యాబ్ నొక్కి గేమ్ వివరాలుండే మెనూ తెరిస్తే 55.017605 అని కనిపిస్తుంది. మీ మానిటరేమో 60 హెర్ట్జ్, అంటే సెకనుకి 60 సార్లు బొమ్మ మారుస్తుంది, ఆ ఐదు తక్కువైనందుకు సెకనుకి ఐదు ఫ్రేములు రెండేసిసార్లు పడతాయి. నేను ఇది తెలీక డ్రైవర్ మార్చా, కేబుల్ మార్చా, షేడర్లన్నీ (బొమ్మ మీద వేసే ఎఫెక్టులు) తీసేశా, చివరికి ఫోన్‌లో స్లో మోషన్ తీసి చూస్తే ఆర్-9 (గేమ్‌లో మనం నడిపే షిప్) వదిలిన బుల్లెట్ పదకొండుసార్లు సమంగా ముందుకి దూకి పన్నెండోసారి ఉన్నచోటే ఉండిపోతోంది, అప్పుడు అర్థమైంది.

పరిష్కారం: మానిటర్‌కి ఫ్రీసింక్ గానీ జీసింక్ గానీ (గేమ్‌ని బట్టి మానిటరే తన వేగం మార్చుకునే సదుపాయం) ఉంటే రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్‌లో సెట్టింగ్స్, వీడియో, సింక్రొనైజేషన్‌లోకి వెళ్లి 'సింక్ టు ఎగ్జాక్ట్ కంటెంట్ ఫ్రేమ్‌రేట్' ఆన్ చేసి ఫుల్‌స్క్రీన్‌లో ఆడండి. అవి లేకపోయినా 165 హెర్ట్జ్ మానిటరైతే అదృష్టమే, 55 మూళ్లు 165 కదా, అక్కడే వీసింక్ స్వాప్ ఇంటర్వెల్ 3 పెడితే సరిపోతుంది.

మామ్‌లో సింక్‌రిఫ్రెష్ ఆన్ చేసి గేమ్‌ని 60కి లాగొద్దు. కుదుపు పోతుంది నిజమే, కానీ గేమ్ 9% ఎక్కువ స్పీడ్ అయిపోతుంది, ఆర్-టైప్ అంటేనే ఏ శత్రువు ఎప్పుడొస్తాడో గుర్తుపెట్టుకుని ఆడే గేమ్, నేర్చుకున్న టైమింగ్ మొత్తం చెడిపోతుంది.

రోమ్ (గేమ్ ఫైల్) పాడవడం, కోర్‌లో (రెట్రోఆర్క్‌లో గేమ్‌ని నడిపే భాగం) బగ్ లాంటివి చాలా అరుదు, వాటిని చివరికి చూడండి. ఉన్నది 60 హెర్ట్జ్ మానిటర్ ఒక్కటే, కుదుపు అస్సలు భరించలేం అంటే పీసీ ఇంజిన్ (పాత గేమ్ కన్సోల్) వెర్షన్ ఆడండి, అది దాదాపు 60లోనే నడుస్తుంది.