ఊరు విడిచి పోయేముందు ఫ్రెండ్స్‌తో ఆఖరి క్లైంబింగ్ ట్రిప్: అనంతపురం గుట్టల్లో ఎట్లా ప్లాన్ చేసుకోవాలి

ఉద్యోగానికో పైచదువుకో ఊరు విడిచి పోయేముందు గ్యాంగ్ అంతా ఒకసారి గుట్టకు పోదాం అనుకుంటారు కదా, అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే ఇన్నాళ్లూ కుదరని కష్టమైన రూట్‌ను సరిగ్గా ఆ రోజే పట్టుకుంటారు, ఎట్లైనా ఎక్కేసి పోవాలని. నన్నడిగితే అది వద్దు. మనసు సగం ప్యాకింగ్ మీదే ఉంటుంది, నిద్ర సరిగ్గా ఉండదు, హాస్టల్ అడ్వాన్సు, సర్టిఫికెట్లు, అమ్మ కట్టిచ్చే ఊరగాయ డబ్బాలు ఇవన్నీ తలలో తిరుగుతుంటాయి. దానికి బదులు ఊర్లో ఉండిపోయే మీవాళ్లకు ఆ చోటు, ఆ తాడు పని, ఆ పొలం రైతుతో పరిచయం అన్నీ అప్పజెప్పడానికి ఆ రోజును వాడుకోండి. మీరు పోయినాక కూడా ఆదివారం పొద్దున ఎవరో ఒకరు ఆ గుండు దగ్గరికి పోతుండాలి కదా, నేను రాసేదంతా దానికోసమే.

తేదీ ఎప్పుడు పెట్టుకోవాలి

బస్సుకో ఫ్లైట్‌కో ముందురోజు మాత్రం పెట్టుకోవద్దు. గ్రానైట్ మీద ఒక పూట ఎక్కితే వేళ్ల కొనలు గీసుకుపోయి మండుతుంటాయి, ఆ చేతుల్తో సూట్‌కేసులు మోయడం నరకం, పైగా కాలు కొంచెం మెలిక పడినా ప్రయాణం అంతా పాడవుతుంది. కనీసం వారం గ్యాప్ ఉంచుకోండి.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మనవైపు బెస్ట్ సీజన్, చల్లటి రాయి మీద షూ రబ్బరు బాగా పట్టుకుంటుంది, చేతులకు చెమట పట్టదు. కానీ మనం వెళ్లే తేదీ మన చేతిలో ఉండదు కదా, జూన్ జూలైల్లో పోవాల్సిన వాళ్లు పొద్దున వెలుగు రాగానే మొదలుపెట్టి తొమ్మిదిన్నరకల్లా దిగేయండి. ఎండాకాలం మన బండలు పగలంతా వేడి తాగి రాత్రి దాకా సెగ కక్కుతూనే ఉంటాయి కాబట్టి సాయంకాలం చల్లబడుతుందిలే అనుకుంటే కుదరదు. వాన పడితే మాత్రం ఆగండి, ముఖ్యంగా బండ మీద నీళ్లు కారి కారి నల్లగా చారలు పడిన చోట తడి ఉంటే అడుగు అస్సలు నిలవదు.

ఎక్కడికి పోవాలి

అనంతపురం చుట్టుపక్కల గుట్టలన్నీ దాదాపు గ్రానైటే, 250 కోట్ల ఏళ్ల నాటి రాయి, అందుకే మెత్తబడి గుండ్రంగా అరిగిపోయిన గుండ్లు, ఏటవాలు బండలు ఎక్కువ. పట్టుకోవడానికి పెద్దగా ఏమీ దొరకదు, కాళ్ల మీద నమ్మకంతో ఎక్కాలి. గండికోట వైపు పోతే రాయి వేరే, అక్కడ పెన్నా నది కోసేసిన క్వార్ట్‌జైట్, పొరలు పొరలుగా అడ్డంగా అంచులు ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లకు చేతులు పెట్టుకోవడానికి సుఖంగా ఉంటుంది. కానీ లోయ అంచున చాలాచోట్ల రెయిలింగ్ లేదు, పొర రాళ్లు ఊడి వస్తాయి, సొంతంగా తాడు వేసే చోటు కాదది. అక్కడ పోవాలనుకుంటే ట్రైనింగ్ ఉన్న ఇన్‌స్ట్రక్టర్లతోనే ఎక్కండి, జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లే కాబట్టి రాత్రి టెంట్‌లో ఉండి పొద్దున లోయ చూసి రావడానికైతే చాలా బాగుంటుంది. కర్నూలు వాళ్లకు ఓర్వకల్లు రాక్ గార్డెన్ దగ్గర, చూడ్డానికి అద్భుతం, కానీ అది టూరిస్టులు తిరిగే చోటు, పర్మిషన్ లేకుండా తాళ్లు కట్టే పని పెట్టుకోవద్దు.

గుత్తి కోట, గండికోట ఇవి రెండూ రక్షిత కట్టడాలు. కోట గోడలు, బురుజులు ఎక్కడం, వాటికి తాడు కట్టడం, చాక్ (చెమట పట్టకుండా చేతులకు పూసుకునే తెల్ల పొడి) మరకలు చేయడం తప్పు, అది వందల ఏళ్ల కట్టడం, మన ప్రాక్టీసు గోడ కాదు. క్వారీల దగ్గరికి కూడా పోవద్దు, పేలుళ్లకు అదిరిన రాయి పైకి గట్టిగా కనిపించినా లోపల పగుళ్లు ఉంటాయి.

ఆఖరి ట్రిప్‌కు నా ఓటు మాత్రం మీకు బాగా తెలిసిన, ఊరికి దగ్గర్లో ఉన్న, పది పన్నెండు మీటర్ల గుండుకే, వెనకవైపు నుంచి నడుచుకుంటూ పైకి పోయే దారి ఉన్నదైతే ఇంకా మంచిది. ఎందుకంటే అక్కడ టాప్ రోప్, అంటే ముందే పైన కట్టి కిందికి వదిలిన తాడు వేసుకోవచ్చు, తాడును వెంట తీసుకుపోతూ ఎక్కే లీడ్ క్లైంబింగ్ అవసరం లేదు, ఎప్పుడూ ఎక్కని ఫ్రెండ్ కూడా ఎక్కొచ్చు.

గుట్ట కింద పొలం ఎవరిదో వాళ్లను ముందురోజే పలకరించండి. ఉండిపోయే ఫ్రెండ్‌ను వెంటబెట్టుకుని పోయి, "పెద్దాయనా, నేను బెంగళూరు పోతాండా, ఇంకమీద వీళ్లు వస్తుంటారు, కొంచెం చూసుకో" అని మనిషిని ఎదురుగా నిలబెట్టి చెప్పండి. ఫోన్‌లో చెబితే ఆ పని కాదు. చెనిక్కాయ పంట మీదుంటే గట్టు మీదుగానే నడవాలి, బైకులు ఎక్కడ పెట్టాలో ఆయన్నే అడగాలి. ఆ పక్క తేనెతుట్టెలు ఉన్నాయా, ఎలుగుబంటి తిరుగుతోందా అనేది కూడా ఆయనకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

సామాన్లు

60 మీటర్ల డైనమిక్ రోప్ (మనిషి పడితే సాగి ఆపే తాడు) ఒకటి, యాంకర్‌కు (గుండు పైన తాడును పట్టి ఉంచే కట్టుకు) స్టాటిక్ రోప్ (పెద్దగా సాగని తాడు) ముక్క, నైలాన్ స్లింగ్‌లు (గుండ్రంగా కుట్టిన పట్టీలు), లాకింగ్ క్యారబినర్లు (లాక్ పడే లోహపు కొక్కేలు) ఆరేడు, బిలే డివైస్‌లు (కిందనుంచి తాడు బిగబట్టి ఎక్కేవాళ్లను కాపాడటమే బిలే, దానికి వాడే పరికరాలు) రెండు, అందరికీ హెల్మెట్, రెండు మూడు హార్నెస్‌లు (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు). తాడు పైనుంచి మడిచి రెండు వరసలుగా వస్తుంది కాబట్టి 60 మీటర్ల తాడుతో 25 మీటర్ల కంటే ఎత్తు గుండు జోలికి పోవద్దు, తాడు రెండో కొనకు ముడి వేయడం మర్చిపోవద్దు, దింపేటప్పుడు కొన బిలే డివైస్‌లోంచి జారిపోయి జరిగే యాక్సిడెంట్లు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. క్యారబినర్ మీద సీఈ లేదా యూఐఏఏ అనే సేఫ్టీ గుర్తు, ఎంత బలం తట్టుకుంటుందో చెప్పే కిలోన్యూటన్ల అంకె ఉంటాయి, అవి లేనిది తాళాలు తగిలించుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. హార్డ్‌వేర్ షాపు నైలాన్ తాడు, బావి మోకు అసలే వద్దు, అవి పడే మనిషి బరువును సాగి తీసుకోలేవు.

రెండు మూడు గోనెసంచులు కూడా వేసుకోండి. గుండు పైఅంచు దగ్గర తాడు ఆనే చోట మడిచి పెట్టడానికి వాటికి మించింది లేదు, గ్రానైట్ పలుకులు ఆకురాయి మాదిరి తాడును అరగదీస్తాయి. ఆ సంచి జారిపోకుండా దాన్ని కూడా ఒక చిన్న తాడుతో కట్టేయండి.

యాంకర్ పని: ఈ ట్రిప్‌లో అసలు విషయం

ఇక్కడ తొందర వద్దు. మీ గ్యాంగ్‌లో యాంకర్ కట్టడం కోర్సులోనో తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ దగ్గరో నేర్చుకున్నవాళ్లు ఎవరూ లేకపోతే, వీడియోలు చూసి మొదలుపెట్టకండి, ఇన్‌స్ట్రక్టర్‌ను మాట్లాడుకోండి. నేర్చుకోవాలంటే మార్గాలు ఉన్నాయి, మాలావత్ పూర్ణ భువనగిరి గుట్ట మీద శిక్షణ తీసుకుని 2014లో ఎవరెస్ట్ ఎక్కింది, మనలాంటి ఎండ బండల మీద నేర్చుకున్న పనే అది.

మీకు తెలుసు అనుకుందాం. అయితే ఆ రోజు మీరు చేతులు కట్టుకుని నిలబడి, ఉండిపోయే ఫ్రెండ్‌తో మొత్తం కట్టించండి. ముందు అంచు దగ్గరికి పోకముందే తనను తాను వెనక ఒక గట్టి గుండుకు కట్టుకోవాలి. తర్వాత యాంకర్‌కు ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఆధారాలు వెతకాలి, నేలలో పాతుకుపోయినట్టున్న పెద్ద గుండ్లు అయితే మేలు, మనవైపు గుట్టల మీద చెట్లు సన్నం, రాతి సందుల్లో వేర్లు పైపైనే ఉంటాయి కాబట్టి వాటిని నమ్మడానికి లేదు. బండ మీద గుప్పిటతో కొట్టి చూడమనండి, డొల్ల శబ్దం వస్తే అది ఉల్లిపొర మాదిరి లేచిన పలక, దాన్ని వదిలేయాలి. రెండు ఆధారాల నుంచి వచ్చే తాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి, 120 డిగ్రీలకు పోతే బరువు సగం సగం పంచుకోవడం పోయి ఒక్కో వైపు మొత్తం బరువు పడుతుంది. చివర రెండు లాకింగ్ క్యారబినర్లు గేట్లు (తెరుచుకునే వైపులు) ఎదురెదురుగా ఉండేట్టు పెట్టి, అవి అంచు దాటి కిందికి వేలాడేట్టు సర్దాలి, తాడు వాటిలోంచే పోవాలి. స్లింగ్ మీద నేరుగా తాడు నడిపితే నైలాన్ మీద నైలాన్ రాపిడికి కరిగిపోతుంది.

మధ్యలో తప్పు కనిపిస్తే మీరు చెయ్యి పెట్టి సరిచేయకండి. "ఇది తెగితే తర్వాత ఏం పట్టుకుంటుంది?" అని ఒక్కో ముడి చూపించి అడగండి, వాళ్లే చెప్పాలి. అంతా విప్పించి మళ్లీ కట్టించండి. దీనికే గంటన్నర పడుతుంది, పట్టనివ్వండి, ఎక్కే రూట్లు ఒకటి రెండు తగ్గినా నష్టం లేదు.

కింద ఎక్కేముందు ప్రతిసారీ ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవాలి. "మామా, నా ముడి చూడు." ఫిగర్ ఎయిట్ ముడిలో (ఎనిమిది అంకె ఆకారంలో ఉండే ముడి) తాడు జంటలు జంటలుగా పక్కపక్కనే పోతోందా, ముడి దాటి తోక జానెడు మిగిలిందా, హార్నెస్ కింద లూప్, నడుము లూప్ రెండింట్లోంచీ పోయిందా. "నీ లాక్ బిగించినావా?" క్యారబినర్‌ను నొక్కి చూపించాలి, మాటతో చెబితే చాలదు. రోజూ ఎక్కేవాళ్లే కబుర్లలో పడి ముడి సగంలో వదిలేస్తారు, వీడ్కోలు రోజు కబుర్లు మరీ ఎక్కువ కాబట్టి ముడి వేసేవాళ్లతో ఎవరూ మాట్లాడకూడదని పొద్దున్నే రూల్ పెట్టుకోండి.

ఎక్కేవాళ్లు బరువు, బిలే ఇచ్చేవాళ్లు సన్నం అయితే బిలే ఇచ్చేవాళ్లను వెనక గుండుకు కట్టేయండి, ఇంకొకరు బ్రేక్ తాడును (బిలే డివైస్‌లోంచి బయటికి వచ్చి బిలే ఇచ్చేవాళ్ల చేతిలో ఉండేదాన్ని) వెనక పట్టుకోవాలి. మొదటి రెండు మూడు మీటర్లు తాడు బిగువుగా ఉంచాలి, తాడు సాగుతుంది కాబట్టి ఇంకా కిందనే ఉండగా జారినా నేలకు తగిలే ప్రమాదం ఉంది.

కొత్తవాళ్లను ఎక్కించడం

చెల్లెలో, జిమ్‌కే పోని రూమ్మేటో వస్తే ఏటవాలు బండ చూపించండి. కొత్తవాళ్లు అందరూ భయంతో బండకు అతుక్కుపోతారు, అట్లా అతుక్కుంటే బరువు పాదం మీద నుంచి పక్కకు పోయి జారుతుంది. నడుము కొంచెం వెనక్కి పెట్టి నిటారుగా నిలబడాలి, మడమ కిందికి దించాలి, పాదం ముందు భాగం మొత్తం రాయికి ఆనాలి, చిన్న చిన్న అడుగులు. చేతులు పట్టు కోసం వెతకవు, అరచేతులు నడుము ఎత్తులో బండ మీద ఊరికే ఆనించి ఉంటే చాలు. ఆ షూ కింద రాయి గరుకు పట్టుకుందని మొదటిసారి తెలిసినప్పుడు మొహం మారిపోతుంది చూడండి, దాన్ని చూడటానికైనా కొత్తవాళ్లను తీసుకుపోవాలి. ఎక్కనంటే మాత్రం బలవంతం వద్దు, హార్నెస్ వేసుకుని రెండు మీటర్లు ఎక్కి తాడు మీద కూర్చుని దిగినా చాలు.

పురుగూ పుట్రా

అన్నిటికంటే భయపడాల్సింది పెద్ద తేనెటీగలకు. గుండు చూరు కింద నల్లగా తుట్టె వేలాడుతుంటే ఆ గుట్ట ఆ రోజుకు వదిలేయడమే, పొగ, సెంటు, అరుపులు, డ్రోన్ ఏదీ వద్దు. ఈగలు లేస్తే చేతులు ఊపకుండా మొహం కప్పుకుని దూరంగా పరిగెత్తాలి, తాడు మీద ఉన్నవాళ్లను ముందు కిందికి దింపాలి. నెర్రెల్లో చూడకుండా చెయ్యి పెట్టొద్దు, తేళ్లు, రక్తపింజరలు ఉంటాయి. కళ్యాణదుర్గం, రాయదుర్గం వైపు గుట్టల్లో ఎలుగుబంట్లు కూడా తిరుగుతాయి, సీతాఫలాల కాలంలో ఇంకా ఎక్కువ, కాబట్టి చీకట్లో పోవద్దు, చీకటి పడేదాకా ఉండొద్దు. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టు కట్టడం ఏమీ వద్దు, కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. గుట్ట దగ్గర సిగ్నల్ ఏ రాయి పక్కన వస్తుందో అందరికీ ముందే చూపించండి, ఇంట్లో ఎవరికైనా లొకేషన్, తిరిగొచ్చే టైము చెప్పి పోండి.

తిండి

తలా నాలుగు లీటర్ల నీళ్లు, మజ్జిగ, చిత్రాన్నం, ఉడికించిన చెనిక్కాయలు, బెల్లం. ఉగ్గాని బజ్జీ దిగినాక తినండి, నూనె చేతుల్తో తాడు పట్టుకోవద్దు. పెద్దాయనకు కూడా ఒక పొట్లం తీసుకుపోండి.

దిగినాక

బండ మీద చాక్ మరకలు బ్రష్‌తో తుడిచేయండి, ప్లాస్టిక్ ఒక్క ముక్క కూడా వదలొద్దు. తర్వాత సామాను పంపకం. బెంగళూరో హైదరాబాదో అయితే మీ హార్నెస్, షూలు చాలు, ఇంకో దేశం పోయినా క్లైంబింగ్ జిమ్‌లలో తాళ్లు వాళ్లే ఇస్తారు, మీ ముడి, బిలే టెస్ట్ చేసి లోపలికి పంపుతారు. అందుకని తాడు, స్లింగ్‌లు, యాంకర్ సామాను ఊర్లోనే వదిలిపెట్టి పోండి. అందరికీ తలా ఒకటి ఇస్తే ఆ సెట్ మళ్లీ ఒక్కచోట చేరదు, యాంకర్ కట్టడం నేర్చుకున్నవాళ్ల ఇంట్లోనే మొత్తం ఉండాలి, ఎండ తగలని చోట, బైకు బ్యాటరీకి, యాసిడ్‌కు దూరంగా. తాడు వాడకపోయినా తయారైన పదేళ్లకు పక్కన పెట్టేయాల్సిందే, కాబట్టి తాడు బ్యాగులో ఒక చిన్న పుస్తకం పెట్టి మొదటి పేజీలో తయారీ తేదీ, కొన్న తేదీ, ఇప్పటిదాకా గట్టిగా పడిన సందర్భాలు, అరిగిన చోట్లు మీకు తెలిసినంతవరకు రాసి ఇవ్వండి, తర్వాతి పేజీ నుంచి వాళ్లు రాసుకుంటారు.