ఊదా టమాటా పుల్లగా, గట్టిగా ఉందా? ముందు కాయ అడుగు చూడండి

శ్రీకాకుళం, విజయనగరం మేడల మీద ఊదా టమాటా పెంచుతున్నవారి నుంచి ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఒక్కటే: కాయ నల్లగా నిగనిగలాడుతోంది గానీ, కోసి తింటే పులుపు తప్ప రుచి లేదు. విత్తనం మంచిది కాదనో, ఎరువు చాలలేదనో కొందరు మొక్కనే పీకేస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. అది పండకముందే కోసిన కాయ.

ఎర్ర టమాటాకు రంగు వచ్చిందంటే పండినట్టే. ఊదా టమాటాకు ఆ లెక్క చెల్లదు. ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం 2012లో విడుదల చేసిన ఇండిగో రోజ్ వంటి రకాల్లో ఊదా రంగు తొక్కకే పరిమితం. ఎండ తగిలిన చోట తొక్కలో ఆంథోసయనిన్ అనే ఊదా రంగు పదార్థం చేరడం వల్ల, కాయ ఇంకా ఉసిరికాయంత ఉండగానే ఆ రంగు వచ్చేస్తుంది. పండడానికి ఆ తర్వాత వారాలు పడుతుంది. అందుకే పై రంగును నమ్మకుండా, కాయను కొమ్మ మీదే మెల్లగా తిప్పి, ఎండ సోకని అడుగు భాగం చూడాలి. అక్కడ ఆకుపచ్చ ఉంటే అది పచ్చికాయే, ఎరుపు తిరిగితేనే పండు. అదే సమయానికి పైన నిగారింపు తగ్గి, ఊదా కాస్త గోధుమ వైపు మసకబారుతుంది. వేలితో నొక్కితే మెత్తగా తగులుతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్క పరీక్ష చేయకుండానే కోసేస్తున్నారు, అదే బాధ. ఇప్పటికే కోసినవి ఉంటే పచ్చి టమాటా పచ్చడికి పనికొస్తాయి.

కాయ ఎర్రగా పండినా ఊదా రాలేదంటే వెలుతురు చాలలేదని అర్థం. తొడిమ రేకులను ఎత్తి చూడండి, వాటి నీడ పడిన మేర నక్షత్రంలా రంగు లేని మచ్చ కనిపిస్తుంది. వేసవిలో కట్టిన గ్రీన్ నెట్‌ను తుఫాను మబ్బులు వదిలాక కూడా ఉంచేస్తే మొత్తం కాయకు జరిగేది ఇదే. నెట్ విప్పి, గుత్తిని కప్పిన ఆకులు రెండు మూడు తుంచితే చాలు.

ఆకుల అడుగు ఊదాగా మారితే చలికి లేత మొక్క భాస్వరం తీసుకోలేకపోతోందన్నమాట, ఎండ ముదిరితే సర్దుకుంటుంది. మంచి ఎండలో ఉన్న మొక్కలన్నీ ఎర్ర కాయలే కాస్తే తప్ప విత్తనాన్ని అనుమానించనక్కర్లేదు. లోపల గుజ్జు ఎర్రగా ఉండడం లోపం కాదు. గుజ్జు కూడా ఊదాగా ఉండేది జన్యుమార్పిడి రకం, దాని విత్తనాలను 2024 నుంచి అమెరికాలో ఇంటి తోటలవారికి అమ్ముతున్నారు.

చారులోనో పప్పులోనో ఉడికిస్తే ఊదా నీటిలోకి దిగిపోతుంది. రంగుతో సహా తినాలంటే తొక్క తీయకుండా సన్నగా తరిగి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో పెరుగు పచ్చడిలో పచ్చిగానే కలపండి.