క్రికెట్ చేత్తో ఫుట్‌బాల్ విసరకండి

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్ పండగ. టీవీలో డెట్రాయిట్ లయన్స్, డాలస్ కౌబాయ్స్ జట్ల అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఎలాగూ ఉంటాయి. కాలితో తన్నే బంతి కాదు, రెండు కొసలా మొనదేలిన కోల బంతిని చేత్తో విసిరే ఆట ఇది. ఆ సందట్లోనే పిల్లలు బంతి పట్టుకుని వచ్చి "నాన్నా, ఒక్కటి విసురు" అంటారు. డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ఇర్వింగ్ వైపు మనవాళ్ల ఇళ్లలో ఏటా జరిగేదే. ఒకప్పుడు బౌండరీ దగ్గర్నుంచి వికెట్లు కొట్టిన చెయ్యి, ఇదెంత అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. మూడేళ్ల క్రితం మావాడి ముందు గొప్పకు పోయి, వార్మప్ లేకుండా బలమంతా పెట్టి విసిరాను. ఆ రాత్రి టీషర్టు విప్పుకోవడానికి మా ఆవిడ సాయం కావాల్సి వచ్చింది. భుజం దారికి రావడానికి రెండు నెలలు పట్టింది.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత అర్థమైంది. క్రికెట్ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. పెద్దవాళ్ల ఫుట్‌బాల్ సుమారు 400 గ్రాములు, పొడవు 28 సెంటీమీటర్లు. క్రికెట్‌లో చెయ్యి వెనక్కి బాగా చాపి కొరడాలా ఝుళిపిస్తాం. రెండున్నర రెట్ల బరువుతో అదే పని చేస్తే ఆ బరువంతా భుజం కీలు మీద పడుతుంది. ఫుట్‌బాల్‌కి అంత పెద్ద ఊపు అక్కర్లేదు. రెండు చేతులతో బంతిని ఛాతీ దగ్గర పట్టుకుని, అక్కడినుంచి చెవి పక్కకు తీసుకెళ్లి, అక్కడినుంచే వదలాలి. మోచేయి భుజం కంటే కిందికి జారకూడదు. అలసిపోయినప్పుడు మొదట జారేది అదే. జారిందంటే ఆ పూటకి చాలు అన్నమాట.

విసిరే ముందు చేతికి ఉంగరాలుంటే తీసి జేబులో కాదు, ఇంట్లో పెట్టండి. జాతకం చూసి పెట్టుకున్నదైనా సరే, ఒక గంటకి గ్రహాలు ఏమీ అనుకోవు. కుడిచేతి వాటం వాళ్లకి ఉంగరపు వేలు, చిటికెన వేలు లేసుల మీద, అంటే బంతి మీద కుట్టిన తాళ్ల మీద, ఉండాలి. చూపుడు వేలు వెనక మొన వైపు చాపాలి, బొటనవేలు కింద ఆనాలి. అరచేతికీ బంతికీ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి. అరచేత్తో గట్టిగా అదిమి పట్టుకుంటే బంతి వంకరగా, రెక్క విరిగిన పిట్టలా పోతుంది. దాన్ని సరిచేయాలని ఇంకా బలం పెడతాం, అక్కడే భుజం పట్టేస్తుంది.

బంతి గిరగిరా తిరుగుతూ మొన ముందుకు పెట్టి పోవడాన్ని స్పైరల్ అంటారు. బొంగరం తిరిగినంతసేపూ నిలబడి, ఆగగానే పడిపోయినట్టే ఇదీ. ఆ తిప్పు బలంతో రాదు, వదిలే తీరుతో వస్తుంది. బంతిని చివరిగా వదిలేది చూపుడు వేలు. వదిలాక అరచేయి బయటికి తిరిగి, బొటనవేలు నేల వైపు చూస్తూ, చెయ్యి ఎడమ జేబు దాకా రావాలి. మధ్యలో చెయ్యిని హఠాత్తుగా ఆపితే మోచేతికి దెబ్బ. దూరం కావాలంటే కాళ్లని అడగండి: ఎడమ భుజం ఎదుటివాడి వైపు, ఎడమ కాలు ఒక అడుగు ముందుకు, నడుము తిరగాలి, ఆ తర్వాతే చెయ్యి.

ముందు ఐదారు నిమిషాలు మెల్లగా పరిగెత్తి, చేతులు గుండ్రంగా తిప్పి, ఐదు గజాల దూరంలో మొదలుపెట్టండి. పది సార్లు స్పైరల్ వస్తే పది గజాలకు వెళ్లండి. బిర్యానీ తిన్నాక కాదు, తినకముందు.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. పెద్దవాళ్ల బంతి వాళ్ల చేతికి ఇవ్వకండి. ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకి పీవీ, తొమ్మిది నుంచి పన్నెండుకి జూనియర్, పన్నెండు నుంచి పద్నాలుగుకి యూత్ అని షాపుల్లో వేర్వేరు సైజులు దొరుకుతాయి. ఎదిగే వయసులో జబ్బ ఎముక పైభాగాన ఇంకా గట్టిపడని పెరుగుదల పొర ఉంటుంది. అదే పనిగా విసిరితే అది దెబ్బతింటుంది. బేస్‌బాల్ పిల్లల్లో ఎక్కువగా కనబడుతుంది కాబట్టి దానికి లిటిల్ లీగ్ షోల్డర్ అని పేరు. మన ఇళ్లలో ఒక చిక్కుంది. శనివారం క్రికెట్ కోచింగ్‌లో బౌలింగ్, ఆదివారం ఫుట్‌బాల్. ఆటలు రెండైనా చెయ్యి ఒక్కటే కదా, లెక్క కలిపి వేయండి. కండ నొప్పి ఒకటి రెండు రోజుల్లో పోతుంది. విసిరిన ప్రతిసారీ భుజం పైన ఒకే చోట నొప్పి వస్తుంటే ఆట ఆపించి డాక్టరుకి చూపించండి. "కొద్దిగా ఓర్చుకో" అనడం ఇక్కడ పనికిరాదు.

పట్టుకునేవాడికీ ప్రమాదమే. ఛాతీ పైకి వచ్చే బంతికి రెండు బొటనవేళ్లు, చూపుడు వేళ్లు దగ్గర చేర్చి పట్టాలి. నడుం కిందికి వస్తే చిటికెన వేళ్లు కలపాలి. వేళ్లు నేరుగా బంతి వైపు చాపితే మొన వచ్చి వేలి కొసకే తగులుతుంది. తగిలాక వేలి చివరి కణుపు కిందికి వాలిపోయి, దానంతట అది నిటారుగా లేవకపోతే అది మామూలు బెణుకు కాదు, కొసను లేపే స్నాయువు (టెండన్) తెగినట్టు. "లాగితే సర్దుకుంటుంది" అని చెయ్యి పట్టుకునే బాబాయి ప్రతి పార్టీలోనూ ఒకరుంటారు. లాగనివ్వకండి. ఐస్ పెట్టి, వేలిని నిటారుగా కట్టి, అర్జంట్ కేర్‌కి (అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్‌కి) వెళ్లండి. ఆ కట్టు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంటుంది. మధ్యలో ఒక్కసారి, స్నానం చేసేటప్పుడైనా సరే, వేలు వంగిందంటే లెక్క మళ్లీ మొదటినుంచి.