పెరటి పిట్టలకు వేలాడే ఫీడరు: ఎంచుకోవడం, వాడుకోవడం ఎలా?

ఫీడరు, అంటే పిట్టలకు గింజలు పెట్టే పాత్ర, కొనే ముందు రెండు మూడు రోజులు, పొద్దున ఆరు నుంచి ఏడింటి దాకా, మీ పెరట్లో ఊరికే కూర్చోండి. ఏ పిట్టలు వస్తున్నాయి, గోడ మీద వాలుతున్నాయా, నేల మీద గెంతుతున్నాయా, కొమ్మల్లోనే ఉండిపోతున్నాయా అన్నది తెలిస్తేనే మీకు ఏ రకం కావాలో తెలుస్తుంది.

శ్రీకాకుళంలో మా పెరడు చిన్నది. ఒక జామ, ఒక మునగ, గోడవారన మందారం, ఒక చిక్కుడు పందిరి. అంతలోనే పిచ్చుకలు, గోరింకలు, పిగిలిపిట్టలు (బుల్‌బుల్‌లు), జామ పండే రోజుల్లో రామచిలుకలు వస్తాయి. వీటన్నిటికీ ఒకే ఫీడరు సరిపోదు. పిచ్చుకకు, పిచ్చుకలాంటి చిన్న పిట్ట జీనువాయికి గింజలు కావాలి. పిగిలిపిట్ట గింజల వైపు చూడదు, దానికి బొప్పాయి ముక్కో మాగిన అరటిపండో ఇష్టం. తేనెపిట్టకు చక్కెర నీళ్లు పెట్టే సీసాలు కొనకండి. మందారమో నూరువరహాలో నాటితే అదే వెతుక్కుంటూ వస్తుంది.

మొదటి ఫీడరుగా వరి కుచ్చు

నన్ను అడిగితే మన జిల్లాల్లో మొదట వేలాడదీయవలసింది అంగడి ఫీడరు కాదు, వరి కుచ్చు. చూరుకు, గుడి మండపానికి కొత్త పంట కంకులు కట్టడం మనకు పాత అలవాటే. పిచ్చుకకు ఇంతకంటే అనువైన ఫీడరును నేను చూడలేదు. గింజ పొట్టులో భద్రంగా ఉంటుంది, వాలడానికి కంకే పట్టుకొమ్మ అవుతుంది, అడుగున తడి నిలిచే చోటే ఉండదు.

కోతల రోజుల్లో తెలిసిన రైతును అడగండి. యంత్రంతో కోసిన మడిలో కంకి మిగలదు, కొడవలితో కోసిన పన కావాలి. అడుగు పొడవు కాడతో నలభై, యాభై కంకులు తీసుకుని రెండు రోజులు ఎండబెట్టండి. కంకుల మెడలన్నీ ఒక్కచోటికి చేర్చి పురికొసతో గట్టిగా బిగించండి. తర్వాత కాడలను వెనక్కి మడిచి, మడత కింద ఇంకొక కట్టు వేయండి. ఆ మడతలోంచి సన్నని ఇనుప తీగ దూర్చి, కంకులు కిందికి వేలాడేలా చూరుకు తగిలించండి. మిగిలిన కంకులను ఎలుకలు చేరని చోట డబ్బాలో దాచుకుంటే ఎండాకాలం దాకా మార్చుకోవచ్చు.

కుచ్చు కట్టాక ఒక్కసారి దగ్గరగా గమనించండి. పిచ్చుక కంకికి తలకిందులుగా వేలాడి ఒక్క వడ్ల గింజ తెంపుకుంటుంది. దాన్ని ముక్కులో అటూ ఇటూ దొర్లించి, పొట్టు వలిచి, లోపలి బియ్యపు గింజను మింగుతుంది. ఊక గాలిలో తిరుగుతూ నేలకు దిగుతుంది. మధ్యాహ్నానికి కుచ్చు కింద బంగారు రంగు పొడి పరుచుకుని ఉంటుంది. సాయంత్రం ఆ ఊకను తుడవడం నాకు విసుగనిపించదు.

కొనే ఫీడర్లలో ఏది మంచిది?

అంగళ్లలో ప్రధానంగా రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి పళ్లెం, మరొకటి గొట్టం. పళ్లెం రకానికి నాలుగు వైపులా గొలుసు, పైన చిన్న కప్పు ఉంటాయి. నేల మీద తినడానికి అలవాటు పడ్డ పిట్టలు దీని మీద సులువుగా వాలతాయి. కొనేటప్పుడు పళ్లేన్ని తిరగేసి చూడండి. అడుగున నీళ్లు కారిపోయే చిల్లులు లేకపోతే వద్దు, లేదా ఇంటికి తెచ్చి మీరే పొడవండి.

గొట్టం రకంలో గింజ వృథా కాదు, కానీ మన వానలకు అది పెద్ద పరీక్ష. నేను మొదట కొన్నది అదే, పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం. ఆషాఢంలో ముసురు పట్టి నాలుగు రోజులు నేను దాని ముఖం చూడలేదు. తీసి చూస్తే పైన గింజలు పొడిగానే ఉన్నాయి, అడుగున మూడు వేళ్ల మందాన ఉబ్బి, మొలకెత్తి, పచ్చటి బూజు పట్టాయి. అదే వారం ఒక పిచ్చుక ఈకలు ఉబ్బించుకుని, కళ్లు మూసుకుని బండ పక్కన కూర్చుని కనిపించింది. ఆ బూజు వల్లనేనని చెప్పలేను, అయినా ఆ దృశ్యం ఇప్పటికీ బాధ పెడుతుంది. గొట్టమే కావాలనుకుంటే అడుగు భాగం మర తిప్పితే ఊడి వచ్చేదాన్ని, లోపలికి చెయ్యి పట్టేదాన్ని ఎంచుకోండి.

పావురాల బెడద ఉన్నచోట చుట్టూ తీగ పంజరం ఉన్న ఫీడరు మేలు. ఒకటిన్నర అంగుళం సందులోంచి పిచ్చుక దూరుతుంది, పావురమూ కాకీ దూరలేవు. రామచిలుకలు వచ్చే ఇంట్లో పలుచటి ప్లాస్టిక్ నిలవదు, కొరికి పోగులు పెడతాయి.

ఖర్చు వద్దనుకుంటే కొబ్బరి చిప్ప ఉంది. ఉద్దానం కొబ్బరి తోటల కాయలు తినే జిల్లాలో చిప్పలకు కరువేమిటి? పీచు గీకేసి, అడుగున రెండు చిన్న చిల్లులు, అంచున మూడు చిల్లులు వేసి వేలాడదీయడమే. చిప్పకు గుప్పెడు గింజలు పడతాయి, ఒక పూటకు అంతే చాలు.

ఎక్కడ కట్టాలి?

మనిషి తల కంటే కాస్త ఎత్తులో, ఆరేడు అడుగులకు, సగం నీడ పడే చోట కట్టండి. పిల్లి పొంచి ఉండే పొదకు పది అడుగులైనా ఎడం ఉండాలి. అదే సమయంలో బెదిరితే ఎగిరి దాక్కోవడానికి ఒక చెట్టు అందుబాటులో ఉండాలి. మా ఇంట్లో మునగ ఆ పని చేస్తుంది. అద్దాల కిటికీ ఉంటే ఫీడరును దానికి మూడడుగుల లోపే కట్టండి. అంత దగ్గర నుంచి ఎగిరిన పిట్టకు వేగం ఉండదు, అద్దానికి తగిలినా దెబ్బ గట్టిగా తగలదు. దూరంగా కడితే బాగా దూరంగా కట్టాలి.

నైలాను దారం, గాలిపటం దారం వాడకండి. పిట్టల కాళ్లకు చుట్టుకుంటాయి. ఇనుప తీగ వాడండి, దాని మీద మధ్యలో ఒక పాత స్టీలు పళ్లేన్ని బోర్లించి గుచ్చితే తీగ వెంట దిగే ఉడుత అక్కడ జారుతుంది.

ఏం వేయాలి, ఏం వేయకూడదు

నూకలు, కొర్రలు, గంటెలు (సజ్జలు), చోళ్లు (రాగులు), వడ్లు. ఇవి చాలు. మిగిలిన అన్నం మన ఉక్కకు గంటల్లో పులుస్తుంది, ఉప్పు వేసిన మిక్చరు, రొట్టె ముక్కలు పిట్ట తిండి కావు. వేరుశనగ పలుకులు వేస్తే ఉప్పు లేనివి, బూజు వాసన ఏమాత్రం లేనివి వేయండి.

పల్లెల్లో ఉన్నవారికి ఒక ముఖ్యమైన మాట. నారు పోయగా మిగిలిన విత్తన వడ్లను పిట్టలకు వేయకండి. విత్తన శుద్ధికి వాటికి మందు పట్టించి ఉంటారు. రంగు పూసినట్టు కనిపించే విత్తనాలను తాకనే తాకకండి.

పొద్దున ఒక గుప్పెడు వేయండి, అది అయిపోతే సాయంత్రం ఇంకొక గుప్పెడు. చీకటి పడేసరికి పళ్లెం ఖాళీగా, కింద నేల తుడిచి ఉండాలి. రాలిన గింజలకు ఎలుకలు వస్తాయి, ఎలుకల వెనక పాములు వస్తాయి. వానాకాలంలో ఈ పని ఒక్కరోజు కూడా మానకండి.

శుభ్రం

రెండు వారాలకోసారి, వానల్లో వారానికోసారి ఫీడరును విప్పి సబ్బు నీళ్లతో రుద్దండి. తర్వాత తొమ్మిది వంతుల నీళ్లకు ఒక వంతు బ్లీచింగ్ ద్రావణం కలిపి పది నిమిషాలు ముంచి, మంచినీళ్లతో బాగా కడిగి, ఎండలో పూర్తిగా ఆరనివ్వండి. తడి ఆరకుండా గింజలు పోయకూడదు. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. జబ్బుపడ్డ పిట్ట కనిపిస్తే రెండు వారాలు ఫీడరు తీసేయండి, పిట్టలన్నీ ఒక్కచోట చేరకుండా ఉంటాయి.

తుపాను హెచ్చరిక వచ్చిందంటే ముందు దించవలసిన వాటిలో ఫీడరు ఒకటి. 2018 అక్టోబరు 11న తిత్లీ తీరం దాటినప్పుడు కొబ్బరి చెట్లే కూలిన జిల్లా మనది. గాలి తగ్గిన మరుసటి పొద్దునే మళ్లీ కట్టి గింజలు వేయండి. ఆ రోజు పిట్టలకు తిండి దొరకడం కష్టం.

నీళ్లు

ఏప్రిల్, మే నెలల్లో గింజల కంటే నీళ్లే ముఖ్యం. రెండు అంగుళాలకు మించని లోతున్న మట్టి మూకుడు నీడలో పెట్టి, మధ్యలో ఒక రాయి ఉంచండి. నీళ్లు రోజూ పారబోసి కొత్తవి నింపండి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి.

ఎంతకాలం ఎదురుచూడాలి?

కట్టిన రోజే వస్తాయనుకోకండి. మా కుచ్చు దగ్గరికి మొదటి పిచ్చుక రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ చోటు మార్చకుండా, దగ్గరికి వెళ్లి నిలబడకుండా ఉండడమే కష్టమైన పని.

అలవాటు పడ్డాక పిచ్చుకలు చూరు సందులోనో మీటరు పెట్టె వెనకో గూడు పెట్టవచ్చు. అప్పుడు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది కానీ, పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులే. అందుకే గూడు ఉన్నన్నాళ్లూ నేను చిక్కుడు పందిరికి మందు కొట్టను. నిన్న పొద్దున ఆడపిచ్చుక ఆకు అడుగు నుంచి ఒక పచ్చ పురుగును లాగి, ముక్కున కరుచుకుని, వరి కుచ్చును దాటి తిన్నగా చూరులోకి వెళ్లింది. లోపల నుంచి పిల్లల అరుపులు వినిపించాయి.