మద్రాసు ఉక్కపోతకు యూరియా కోల్డ్ ప్యాక్

మద్రాసు ఉక్కపోతలో కుండ, కూలర్ రెండూ చతికిలబడతాయి. వాటి చలవంతా నీళ్లు ఆవిరైతేనే, ఇక్కడి గాలిలో అప్పటికే తడి ఎక్కువ. యూరియాకు ఆ బాధ లేదు. కరగడానికి కావలసిన వేడిని తను కలిసిన నీళ్ల నుంచే లాక్కుంటుంది, గ్రాముకు సుమారు 240 జౌళ్లు. గ్రాము ఐసు కరగడానికి 334 పడుతుంది కాబట్టి ఇదేం తీసిపారేసే లెక్క కాదు. కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో చేసి రిటైరైనవాణ్ణి. పెరంబూర్‌లో మా మనవడు మ్యాచ్‌కి బయల్దేరితే కిట్టులో బెణికిన చోట పెట్టుకునే ఈ యూరియా కోల్డ్ ప్యాకే పెట్టి పంపుతాను.

మద్రాసులోని ప్యారీస్ కార్నర్‌లో కెమికల్ షాపుల్లో అరకిలో తెల్ల యూరియా అడగండి. పొలాలకిచ్చే సబ్సిడీ బస్తా జోలికి పోవద్దు, అది రైతుది, పైగా వేపనూనె పూత ఉంటుంది. అమ్మోనియం నైట్రేట్ ఇంకా చల్లబరుస్తుంది కానీ అది పేలుడు సరుకు, 2012 నుంచి దానికి లైసెన్సు రూల్స్ ఉన్నాయి. 2020లో లెబనాన్‌లోని బేరూట్‌లో అదే సరుకు పేలిన తర్వాత మన పక్కనే మణలిలో ఉన్న నిల్వను హడావిడిగా హైదరాబాద్ తరలించారు, గుర్తుందిగా!

యూరియాను పాత రోట్లో నలగ్గొట్టండి, వంటింటి మిక్సీలో వద్దు. పొడి ఎంత సన్నగా ఉంటే అంత వేగంగా చల్లబడుతుంది. మందపాటి జిప్ కవర్లో 100 గ్రాములు పోసి, 100 మిల్లీలీటర్ల నీళ్లున్న చిన్న జిప్ కవర్ లోపల పెట్టి మూసేయండి. కావలసినప్పుడు గట్టిగా నొక్కితే చిన్న కవరు తెరుచుకుంటుంది. బాగా కలపండి. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో అక్కడి నుంచి పదిహేను డిగ్రీలకు పైగా దిగుతుంది. అందుకే మే నెలలో ట్యాంకు నీళ్లు పోస్తే ఏం లాభం లేదు, ఇంట్లో నీడన ఉంచిన నీళ్లు పోయండి. బెణికిన చోట గుడ్డ చుట్టి పదిహేను నిమిషాలు పెడితే చాలు.

వాడాక పారబోయకండి. వెడల్పాటి స్టీలు పళ్లెంలో పోసి డాబా మీద ఎండబెడితే యూరియా మళ్లీ గడ్డకడుతుంది. ఎండను డబ్బాలో దాచుకున్నట్టే. సముద్రపు గాలి మళ్లకముందే లోపలికి తెచ్చి బిగుతు మూత డబ్బాలో వేయాలి, లేకపోతే తేమ పీల్చి నీరుకారిపోతుంది. తొందరపడి స్టవ్ మీద మాత్రం కాచకండి, అమ్మోనియా ఘాటుకు కళ్లు మండిపోతాయి. డబ్బా మీద పేరు పెద్దక్షరాలతో రాయండి, చూడ్డానికి అచ్చం పంచదారలా ఉంటుంది.