ఆమేన్ తర్వాత ఎలా కనిపెట్టుకొని ఉండాలి?

ప్రార్థన చేయడం చాలామందికి వచ్చు. చేసిన తర్వాత ఏమి చేయాలో తెలిసినవారు తక్కువ. మా గుంటూరులోనే చూడండి. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దానపు కార్డు, అంటే కొత్త ఏడాదికి ఒక బైబిలు వాక్యం రాసి ఉన్న కార్డు తీసుకుంటారు, కళ్లకద్దుకుంటారు, బైబిలులో పెట్టుకుంటారు. సంక్రాంతి నాటికి ఆ కార్డు మీద ఏముందని అడిగితే ఇంట్లో ఒక్కరూ చెప్పలేరు. అడిగింది మరిచిపోయినవారికి జవాబు వచ్చినా తెలియదు.

కావలసినవి బైబిలు, ఒక నోటుపుస్తకం, పెన్సిలు. పెన్ను పనికిరాదు. ఫోను వేరే గదిలో ఉండాలి. వేళ తెల్లవారుజామే, ఇందులో రాజీ లేదు. ఉదయాన ప్రార్థన సిద్ధం చేసి కాచి ఉంటానని దావీదు అయిదో కీర్తనలో అన్నాడు. కాచి ఉండాలంటే ముందు పగలంతా మిగిలి ఉండాలి కదా!

మొదట ఒక్క సంగతిని పేరుతో సహా అడగండి. "అందరినీ దీవించు ప్రభువా" అంటే దేని కోసం ఎదురుచూస్తారు? అడిగింది తేదీ వేసి ఎడమ పేజీలో రాయండి. కుడి పేజీ జవాబు కోసం వదిలేయండి. దానికి తగిన వాక్యం ఒకటి వెతికి కింద రాసుకోండి. ఇంతవరకు ఎవరైనా చేస్తారు.

చెడేదంతా ఇక్కడి నుంచే. ఆశతో కనిపెట్టుకొని ఉండటం వేరు, దేవునికి గడువు పెట్టడం వేరు. రెండోది పైకి గొప్ప విశ్వాసంలాగే కనిపిస్తుంది కాబట్టి ఎక్కువమంది అందులో పడతారు. "ఈ నెలాఖరులోగా మా అబ్బాయికి ఉద్యోగం వచ్చి తీరుతుంది" అని కూటంలో ముందే సాక్ష్యం చెప్పేస్తారు. నెల దాటుతుంది. అప్పుడు ఎవరో ఒకరు ఆ తల్లి దగ్గరకు వచ్చి "నీ విశ్వాసం చాలలేదమ్మా" అంటారు. ఆ మాట ఎవరితోనూ అనకండి. ఆ ఒక్క మాటతో మందిరానికి రావడం మానేసినవారు నాకు తెలుసు.

రాజు నిలబెట్టిన ప్రతిమకు మొక్కనందుకు షద్రకు, మేషాకు, అబేద్నెగోలు అగ్నిగుండం ముందు నిలబడి ఆ రాజుతో ఏమన్నారో దానియేలు మూడో అధ్యాయంలో చదవండి. మా దేవుడు రక్షించగల సమర్థుడు అన్నారు. ఒకవేళ ఆయన రక్షించకపోయినా నీ ప్రతిమకు మొక్కం అన్నారు. మొదటి మాట లేకుండా రెండోది చెబితే నిరాశ. రెండోది లేకుండా మొదటిది చెబితే మొండితనం. మీ ప్రార్థనలో రెండూ ఉన్నాయో లేదో రోజూ చూసుకోండి. తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసేయమని అపొస్తలుడైన పౌలు ప్రభువును మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. ముల్లు ఒక్కటే చూస్తూ కూర్చుంటే ఆ జవాబు అతనికి వినబడేదా?

పెన్సిలు ఎందుకంటే, కనిపెట్టుకొని ఉండే కొద్దీ అడిగే మాట మారుతుంది. మా ప్రార్థన గుంపులో ఒక అక్క "అమ్మ మోకాళ్ల నొప్పి పోవాలి" అని రాసుకుంది. కొన్నాళ్లకు అది చెరిపి "అమ్మ మళ్లీ ఆదివారం మందిరంలో కూర్చోవాలి" అని రాసింది. ఇప్పుడు ఆమె కుడి పేజీలో ఉన్నది ఇది: "పక్కింటి అమ్మాయి తన ఆటోలో తీసుకువస్తోంది." నొప్పి ఇంకా ఉంది, మాత్రలూ వేసుకుంటోంది. ప్రార్థన చేశాం కదా అని మందులు మానేయడం విశ్వాసం కాదు. దయచేసి ఎవరికీ ఆ సలహా ఇవ్వకండి.

తర్వాత సిద్ధపడండి. చుట్టం వస్తున్నాడని నమ్మినవాళ్లు ఎసట్లో గుప్పెడు బియ్యం ఎక్కువ పోస్తారు. అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చేనాటికి, ఆమెను పంపిన మిషను వైద్యసేవ మొదలుపెట్టడానికి సిద్ధంగా లేదు. ఆమెకు బోధన పని అప్పగించారు. ఆ పని చేస్తూనే ఆమె జబ్బుపడిన స్త్రీలకు వైద్యం చేశారు. ఆసుపత్రి 1898లో తెరిచారు. ఆ ఆసుపత్రి ఉన్న కొత్తపేట వైపు వెళ్లినప్పుడల్లా నాకు ఆ మధ్య గడిచిన పదిహేనేళ్లే గుర్తొస్తాయి.

ఉపవాస కూటాలకు, రాత్రంతా చేసే ప్రార్థనలకు నేను అడ్డు చెప్పను. కానీ మూడు రోజులు ఉపవాసముండి నాలుగో రోజు అడిగింది మరిచేకంటే, రోజూ పావుగంట ప్రార్థించి సాయంత్రం వరకు కళ్లు తెరుచుకొని ఉండటం మేలు. వాన కోసం ప్రార్థించిన ఏలీయా ప్రవక్త, మబ్బు కనబడుతోందేమోనని తన సేవకుణ్ణి సముద్రం వైపు ఏడుసార్లు చూసి రమ్మన్నాడు. చెరసాలలో ఉన్న పేతురు విడుదల కోసం యెరూషలేములో ఒక ఇంటినిండా జనం ప్రార్థిస్తుంటే పేతురే వచ్చి తలుపు తట్టాడు. తలుపు దగ్గర పేతురు ఉన్నాడని రొదే అనే చిన్నది వచ్చి చెబితే "నీకు పిచ్చి పట్టింది" అన్నారు! అందుకే ఆదివారం సాయంత్రం కుడి పేజీలు తిరగేయాలి. జవాబులు చిన్నవైనా రాయాలి.

ఎవరి స్వస్థత కోసం ప్రార్థించామో ఆ మనిషే చనిపోతే ఏమి రాయాలని అడుగుతారు. కుడి పేజీలో ఏమీ రాయవద్దు. లాజరు సమాధి దగ్గర యేసే కన్నీరు విడిచాడు, మీరూ ఏడవండి. ఆ పేజీ మాత్రం చింపకండి. తర్వాతి ఎడమ పేజీలో ఆ ఇంట్లో మిగిలినవారి పేర్లు రాసి, మర్నాడు తెల్లవారుజామున వారి కోసం మొదలుపెట్టండి.